పని నడిచే వేళకు వెళ్లాలి

వియత్నాం రాజధాని హనోయ్‌లో మొదటి రోజు మాకు చూపించిన మగ్గం మీద దుమ్ముంది.

నేను గమనించలేదు, అమ్మ గమనించింది. పొద్దున తొమ్మిదింటికి మా హోటల్ దగ్గర బస్సెక్కాం. మరో నాలుగు హోటళ్ల దగ్గర ఆగి అందర్నీ ఎక్కించుకుని, పట్టు నేసే ఊరని చెప్పిన చోటుకి చేరేసరికి పదకొండు దాటింది. మొత్తం ముప్ఫై మందిమి. ఒక షెడ్డులో తాడు కట్టి, తాడుకి అవతల మగ్గం పెట్టారు. దాని మీద జానెడు గుడ్డ నేసి ఉంది. ఒకావిడ వచ్చి కూర్చుని పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెను నాలుగైదు సార్లు ఆడించింది. అందరూ ఫోన్లు ఎత్తారు. ఆవిడ లేచి వెళ్లిపోయింది. జనం దుకాణం వైపు కదులుతుంటే అమ్మ తాడు దాటి వెళ్లి పడుగు, అంటే నిలువు పోగుల మీద వేలితో రాసి, ఆ వేలు నాకు చూపించింది.

"దీని మీద నేత సాగి నెల పైనే అయ్యుంటుందే" అంది.

ఆ తర్వాత ముప్పావుగంట దుకాణంలోనే గడిచింది. అమ్మ ఏమీ ముట్టుకోలేదు. బయట అరుగు మీద కూర్చుని, ఎండలోకి చూస్తూ ఉండిపోయింది.

మా అమ్మ మంగళగిరిలో నేతవాళ్ల ఇంట్లో పుట్టింది. నా చిన్నప్పుడు వేసవి సెలవులకి అమ్మమ్మ వాళ్లింటికి వెళ్తే, తెల్లారకముందే వీధిలో మాటలు వినిపించేవి. పడుగును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ నడుస్తూ కుంచెతో దువ్వేవాళ్లు. ఎండ ఎక్కితే గంజి ముందే ఆరిపోయి పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. గాలి లేచిందంటే ఇంకా కష్టం. అందుకని ఆ పని తెల్లవారుజామునే అయిపోవాలి. ఏడింటికల్లా పడుగు చుట్టేసేవాళ్లు, వీధిలో మళ్లీ సైకిళ్లు తిరిగేవి.

చూడ్డానికి వచ్చేవాళ్లు పదకొండింటికి వచ్చేవాళ్లు. కార్లు దిగి "నేత ఎలా నేస్తారో కాస్త చూపిస్తారా" అని అడిగేవాళ్లు. అమ్మమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి, చెంగుతో చేతులు తుడుచుకుని, రాట్నం ముందు కూర్చునేది. కండెలన్నీ పొద్దున్నే చుట్టేసి ఉంటే రాట్నం ఊరికే తిప్పేది. వాళ్లకి తేడా తెలిసేది కాదు. ఫొటోలు తీసుకుని, మంచినీళ్లు తాగి, చీర ధర అడిగి, చాలా ఎక్కువని చెప్పి వెళ్లిపోయేవాళ్లు. పొయ్యి మీద కూర మాడిన వాసన మాత్రం ఇంట్లో మిగిలేది. అన్నేళ్లలో అమ్మమ్మ చేతిలో ఒక్కరంటే ఒక్కరు రూపాయి పెట్టలేదు. పెట్టాలని వాళ్లకి తోచలేదు. అడగాలని మాకూ తోచలేదు.

ఇప్పుడు మనవాళ్లు వియత్నాంకి గుంపులు గుంపులుగా వెళ్తున్నారు. హా లాంగ్ బేలో పడవ, దా నాంగ్ దగ్గర రాతిచేతులు మోస్తున్నట్టుండే బంగారు వంతెన, సైగాన్‌లో షాపింగ్. మధ్యలో ఒక పూట "క్రాఫ్ట్ విలేజ్". ఆ ఒక్క పూట గురించే నేను చెప్పదలచుకున్నది. చేతిపని చూడాలనుకుంటే ఆ పని నడిచే వేళకు వెళ్లండి. ఇద్దరో ముగ్గురో వెళ్లండి. చూసినందుకు చేసేవాళ్ల చేతికి డబ్బివ్వండి. ఈ మూడూ కుదరకపోతే వెళ్లకండి. పడవ ప్రయాణంతో ఆగిపోండి, అందులో తప్పేమీ లేదు.

మేమిద్దరమే విడిగా కారు, గైడు మాట్లాడుకుని వెళ్తామంటే "ప్రైవేట్ టూరా, అది డబ్బున్నవాళ్ల వ్యవహారం" అని మా పిన్ని ఫోన్‌లోనే అంది. లెక్క చెబుతాను. కారు, డ్రైవరు, గైడు, తెల్లవారుజామున నాలుగుంపావు నుంచి పదకొండు వరకు, ఇద్దరికీ కలిపి మేం ఇచ్చింది సుమారు 80 డాలర్లు. మొదటి రోజు బస్సుకి తలా 35 డాలర్లు. అంటే ఇద్దరి మీద తేడా పది డాలర్లు, మన లెక్కలో తొమ్మిది వందల రూపాయల దాకా. ఆ బస్సులో వచ్చినవాళ్లలో ఒక్కొక్కరు ఆ దుకాణంలో ఖర్చు పెట్టింది ఇంతకు ఎన్నో రెట్లు. నలుగురు కలిసి ఒక కారు మాట్లాడుకుంటే బస్సు కన్నా చౌకగానే తేలుతుంది.

డబ్బు కన్నా నాకు ముఖ్యమనిపించింది తేదీ. గైడు అమ్మాయికి మెసేజ్ పెట్టి ఫలానా రోజు రావాలని అడిగితే, "ఆ రోజు వద్దు, ఎల్లుండి రండి, ఎల్లుండి చువాంగ్‌లో సంత" అంది. చువాంగ్ అనేది హనోయ్‌కి నైరుతిగా 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. శంఖు ఆకారంలో ఉండే ఆ ఆకు టోపీ, నోన్ లా, ఆ ఊరి పని. మంచి టోపీ కావాలంటే చువాంగ్ వెళ్లు అని అక్కడ నానుడే ఉంది. ఆ టోపీల సంత వాళ్ల చాంద్రమాన నెలలో ఆరుసార్లు జరుగుతుంది: నాలుగు, పది, పద్నాలుగు, ఇరవై, ఇరవైనాలుగు, ముప్ఫై. వాళ్ల నెలా మన నెలలాగే అమావాస్య నుంచి అమావాస్యకి. మేం వెళ్లిన రోజు వాళ్ల లెక్కలో పదో రోజు. అమ్మ ఫోన్‌లో పంచాంగం తీసి చూసి "మనకివాళ నవమి, వీళ్లు అమావాస్య రోజునే ఒకటి అని మొదలుపెడతారు కాబోలు" అంది. గైడు అమ్మాయి నవ్వి, అవునన్నట్టు తలూపింది. తేదీ చూసుకుని రమ్మని చెప్పిందంటేనే ఆ అమ్మాయికి ఊరితో సంబంధం ఉందని నాకు నమ్మకం కుదిరింది. ఎప్పుడొచ్చినా ఫరవాలేదు, అన్నీ చూపిస్తాం అనేవాళ్లు చూపించేది దుమ్ము పట్టిన మగ్గమే.

నాలుగుంపావుకి బయల్దేరాం. దారిలో గైడు అమ్మాయి రోడ్డు పక్కన ఒక బుట్ట ముందు ఆగి సోయ్ కొనిపెట్టింది. జిగురు బియ్యాన్ని పసుపుతో ఆవిరి మీద ఉడికించి, మీద పెసరపప్పు ముద్దను కత్తితో పలచగా చెక్కి వేసి, వేయించిన ఉల్లిపాయలు చల్లి ఆకులో పొట్లం కట్టి ఇస్తారు. మాంసం వద్దని ముందే చెబితే చాలు. పరదేశంలో తిండి గురించి టెన్షన్ పడే అమ్మ ఆ పొట్లం మొత్తం తినేసింది.

చువాంగ్ చేరేసరికి ఐదున్నర. ఇంకా చీకటిగానే ఉంది. బల్బుల వెలుగులో టోపీలు ఒకదానిలో ఒకటి దూర్చి, మనిషి ఎత్తున నిలబెట్టిన దొంతరలు. వాటి మధ్య నుంచి మోటారుసైకిళ్లు నడిచిపోతున్నాయి, వెనక సీటు మీద ఇంకో దొంతర. ఎక్కువమంది ఆడవాళ్లే. టోపీని దీపానికి ఎత్తి పట్టుకుని లోపలి నుంచి చూస్తున్నారు. ఆకు ఎక్కడైనా చిరిగి ఉంటే వెలుతురు సూదిలా వస్తుంది. బేరం రెండు ముక్కల్లో అయిపోతోంది.

నాకు ఆశ్చర్యం కలిగించింది టోపీలు కావు, ముడిసరుకు. ఒక వరసలో ఆకు మాత్రమే. తాటిజాతి చెట్టు లేత ఆకును ఇసుకలో వేసి నలిపి, పచ్చదనం పోయి తెల్లబడేదాకా ఎండబెట్టి తెస్తారు. ఇంకో వరసలో వెదురు బద్దతో చేసిన వలయాలు, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా కట్టలు. ఇంకో చోట వెదురు బోదె మీది పొర. ఇంకో చోట దారం, గడ్డం కింద కట్టుకునే పట్టీలు. ఒకరు వలయాలే చేస్తారు, ఒకరు ఆకే తెస్తారు, కుట్టేవాళ్లు ఇవన్నీ కొనుక్కుని, పోయిన సంత తర్వాత కుట్టిన టోపీలు అమ్ముకుని ఇంటికి పోతారు. నూలు ఒకరిది, రంగు ఒకరిది, అచ్చు ఒకరిది, నేత ఒకరిది అయిన మా వీధి అమ్మకి కళ్ల ముందు కదిలినట్టుంది. ఆ వరసల మధ్య చాలాసేపు తిరిగింది. ఏడున్నరకల్లా సంత పలచబడిపోయింది. తొమ్మిదింటికి హోటల్ దగ్గర బయల్దేరే బస్సుకి ఇది దొరికే ప్రసక్తే లేదు.

సంత నుంచి ఒకావిడ వెంట వాళ్లింటికి వెళ్లాం. గైడు ముందురోజే ఫోన్ చేసి అడిగి పెట్టుకుంది. డెబ్భై దాటిన మనిషి. గైడు ఆవిణ్ని "బాక్" అని పిలిచింది. అమ్మానాన్నల కన్నా పెద్దవాళ్లని, ఆడైనా మగైనా, అలా పిలుస్తారట. వియత్నాం భాషలో ఊరికే "నువ్వు" అనడానికి లేదు, ఎదుటి మనిషిని చూసి అక్కో, చెల్లో, పెద్దమ్మో తేల్చుకుంటే గానీ మాట మొదలవదు. అది విని అమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణం నుంచి ఆవిడ అమ్మకి "పెద్దమ్మ" అయిపోయింది. తెలుగులోనే పిలిచింది. ఆవిడా పలికింది.

పెద్దమ్మ ఒక ఇనప పలకను నిప్పుల మీద వేడిచేసి, ముడతలు పడిన ఆకును దాని మీద పరిచి, గుడ్డ ముద్దతో ఒక్క ఊపున లాగింది. ఆకు ఇస్త్రీ చేసిన రిబ్బన్‌లా జారి వచ్చింది. వేడి ఎక్కువైతే ఆకు ఎర్రబడుతుంది, తక్కువైతే ముడత మళ్లీ లేస్తుంది. అది తెలుసుకోవడానికి ఆవిడ వేలు పలకకి తాకీ తాకనట్టు ఒకసారి ఆడించి తీసేసేది. చెక్క అచ్చు మీద 16 వలయాలు బిగించి, ఆకు ఒక పొర, మధ్యలో వెదురు పొర, మళ్లీ ఆకు ఒక పొర పేర్చింది. తర్వాత కుట్టు. సన్నటి నైలాన్ దారం, పొట్టి సూది. ప్రతి వలయం చుట్టూ ఒక్కొక్క కుట్టూ సమానంగా. దారం అయిపోయిన చోట కొత్త దారాన్ని ముడేస్తే ఆ ముడి పైకి కనపడకూడదు, రెండు పొరల మధ్యకి నెట్టేయాలి. పూర్తయిన టోపీ ఒకటి అమ్మ చేతికిచ్చింది. అమ్మ కళ్లు మూసుకుని వేళ్లతో వెతికింది. ముడి దొరకలేదు. రెండోసారి వెతికి ఒక్కచోట ఆగింది. పెద్దమ్మ గట్టిగా నవ్వి అమ్మ భుజం మీద తట్టింది. అంతసేపట్లో ఇద్దరికీ దుబాసీ అవసరమే పడలేదు.

అక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి. కిటికీలోంచి వెలుతురు వస్తోంది, పెద్దమ్మ దానికి వీపు పెట్టి కూర్చుంది. కొంచెం ఇటు తిరిగితే ఫొటో బాగుంటుందని గైడుతో అడిగించాను. ఆవిడ ఏమీ అనకుండా అచ్చుతో సహా తిరిగింది. తిరగడంలో దారం మెలిక పడి సూదికి చుట్టుకుంది. దాన్ని విప్పడానికి ఆవిడ కళ్లజోడు వెతుక్కోవాల్సి వచ్చింది. వెలుతురు వీపు వెనక ఉంటే కుట్టు మీద పడుతుంది, ఎదురుగా ఉంటే కళ్లలో పడుతుంది. అందుకే ఆవిడ అలా కూర్చుంది. అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని తన సంచిలో వేసుకుంది. "పనిలో ఉన్న మనిషిని కదిలించకూడదే" అంది, అంతే. ప్రైవేట్‌గా, పొద్దున్నే, ఇద్దరమే వెళ్లినా ఆ మనిషిని మన కోసం నటించేలా చేయడానికి ఒక్క కోరిక చాలు. ఆ షెడ్డులో మగ్గం పెట్టినవాళ్లూ ఇలాంటి కోరికలు తీర్చీ తీర్చీ అక్కడికి వచ్చి ఉంటారు.

టోపీకి 80,000 డాంగ్‌లు అంది. మన డబ్బులో 270 రూపాయల చిల్లర. రెండు కొన్నాం. అది సరుకు ఖరీదు. ఆవిడ మా కోసం వెచ్చించిన గంటకి విడిగా ఇవ్వాలని గైడుతో ముందే మాట్లాడుకున్నాం, కవరులో పెట్టి అమ్మ రెండు చేతులతో ఇచ్చింది. అక్కడ పెద్దవాళ్లకి ఏదిచ్చినా రెండు చేతులతో ఇవ్వడం మర్యాద. పెద్దమ్మ మొదట వద్దంది. గైడు ఏదో చెప్పాక తీసుకుంది. ఏం చెప్పావని కారులో అడిగాను. "ఈవిడ వాళ్లమ్మ కూడా మీలాగే పనిచేసేవారు, చూడ్డానికి వచ్చినవాళ్లు ఆవిడకి ఏమీ ఇచ్చేవాళ్లు కాదు అని చెప్పాను" అంది. దారిలో అమ్మ చెప్పిన కథని ఆ అమ్మాయి గుర్తుపెట్టుకుంది.

మంచి గైడు అంటే నా లెక్కలో ఇదీ. ఇంగ్లిషు ఎంత బాగా వచ్చన్నది రెండో సంగతి.

తర్వాత క్వాంగ్ ఫూ కౌ వెళ్లాం. ఇది అగరుబత్తి పుల్లల ఊరు. ఎర్రటి పుల్లల కట్టలు పువ్వుల్లా విచ్చుకుని ఉన్న ఆవరణ, మధ్యలో ఎవరో టోపీ పెట్టుకుని కూర్చున్న ఫొటో మీరు తప్పకుండా చూసే ఉంటారు. ఆ ఫొటో ఈ ఊరిదే. మేం వెళ్లేసరికి ఎనిమిదిన్నర, మంచు విడిచి ఎండ వస్తోంది. ఊళ్లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, రోడ్డు అంచున, గుడి ముందు, ఇళ్ల వాకిళ్లలో పుల్లలు ఆరబెడుతున్నారు. రంగులో ముంచిన కట్టని నడుము దగ్గర ఒడిసి పట్టుకుని, నేల మీద ఆనించి, మణికట్టుతో ఒక్క మెలిక తిప్పి వదిలితే కట్ట గొడుగులా విచ్చుకుంటుంది. అలా విచ్చుకుంటేనే గాలి లోపలిదాకా వెళ్లి అన్ని పుల్లలూ ఒకేలా ఆరతాయి. మన కళ్లకి పువ్వు, వాళ్లకి ఆరబెట్టే పద్ధతి. మెలిక తిప్పుతున్న కుర్రాడి చేతులు మోచేతుల దాకా ఎరుపు.

ఆ పుల్లలతో మనకి చాలా దగ్గర సంబంధం ఉంది. 2011లో మన దేశం వెదురు పుల్లల మీద దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 10 శాతానికి తగ్గించింది. దాంతో వియత్నాం, చైనాల నుంచి సరుకు వెల్లువలా వచ్చింది. 2009లో 31 కోట్ల రూపాయలున్న పుల్లల దిగుమతి 2018 నాటికి 546 కోట్లకి చేరింది. మన దగ్గర పుల్లలు చీల్చే పని పడిపోయింది. 2019 ఆగస్టులో కేంద్రం అగరుబత్తుల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది, 2020 జూన్‌లో పుల్లల మీద సుంకాన్ని 25 శాతానికి పెంచింది. ఈ వార్త అప్పట్లో పేపర్లో చదివి, మంచి పనే చేశారని అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. మన దగ్గర అగరుబత్తులు చుట్టేది ఎక్కువగా ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు, వాళ్ల చేతికి నాలుగు రాళ్లు రావాలి.

అయితే ఆ వాకిట్లో ఒకాయన "ఇండియానా?" అని అడిగి, అవునంటే, చేతిని తల ఎత్తు నుంచి మోకాలి దాకా దించి చూపించాడు. ఒకప్పుడు వాళ్ల సరుకు కంటైనర్లకి కంటైనర్లు మనకే వచ్చేదట. ఆయన గొంతులో కోపం లేదు. మాకు ఆకుపచ్చ టీ పోసిచ్చాడు. అమ్మ ఒక పుల్ల తీసుకుని వాసన చూసింది. వాసనేమీ లేదు, ఉట్టి వెదురు. సుగంధం ఎక్కేది ఆ తర్వాత. "ఇన్నేళ్లూ మన పూజగదిలో వెలిగించింది మీ వెదురేనా" అని ఆయన్ని తెలుగులో అడిగింది. గైడు ఎంతవరకు అనువదించిందో గానీ ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. పేపర్లో చదివిన సుంకం శాతానికి ఒక ముఖం ఉంటుందని తెలియాలంటే అలాంటి వాకిట్లో పావుగంట కూర్చోవాలి. ముప్ఫై మందితో వెళ్తే ఆ టీ ఎవరూ పోయరు.

మన "అగరు" అనే మాట ఉంది చూశారా, అది సుగంధపు చెక్కనిచ్చే ఒక చెట్టు పేరు. ఆ చెక్కకి వియత్నాం అడవులు పేరుపడ్డవి. మధ్య వియత్నాంలో ఒకప్పుడు శివాలయాలు కట్టించిన చంపా రాజ్యం సముద్రం మీద అమ్మిన సరుకుల్లో అగరు ముఖ్యమైంది. ఉత్తరాన వాళ్లు అగరుబత్తిని "హూంగ్" అంటారు, దానికి సుగంధం అనే అర్థం. ఇంట్లో పెద్దల పటాల ముందు ఒకటో మూడో ఐదో, బేసి సంఖ్యలోనే వెలిగిస్తారు. అమ్మ ఈ సంగతి విన్నప్పటి నుంచి మా ఇంట్లోనూ మూడే వెలిగిస్తోంది.

ఇక ఆ ఫొటోల ఆవరణ. పుల్లల కట్టల్ని వియత్నాం పటం ఆకారంలో పేర్చి, పై నుంచి ఫొటో తీయడానికి ఎత్తు కట్టి, గేటు దగ్గర టికెట్ పెట్టారు. దీని మీద ఇంటర్నెట్‌లో చాలామంది విసుక్కుంటారు, ఊరు ఊరంతా వ్యాపారం అయిపోయిందని, అసలుతనం పోయిందని. నేను వాళ్లతో ఏకీభవించను. టికెట్ పెట్టినవాళ్లు నిజాయితీగా ఉన్నారు. ఇది ఫొటో కోసం పేర్చింది, చూడాలంటే ఇంత ఇవ్వండి అని గేటు మీదే చెబుతున్నారు. అమ్మమ్మ ఉత్త రాట్నం తిప్పిన రోజుల్లో ఆ గుమ్మంలో ఒక టికెట్ ఉండి ఉంటే నాకెంత సంతోషంగా ఉండేదో. ఉచితంగా చూపించి, దుకాణంలోకి తోలి, అది సంస్కృతి అని చెప్పే పద్ధతి కన్నా ఆ గేటు వెయ్యి రెట్లు నయం. మేం అందులోకి వెళ్లలేదు, వీధుల్లోనే కావలసినంత ఉంది. వెళ్లినవాళ్లని తప్పు పట్టను.

అసలుతనం గురించి ఇంకొక్క మాట. ఆ ఊళ్లో వెదురు చీల్చేది, పుల్లల్ని గీసేది ఇప్పుడు యంత్రాలే. పెద్దమ్మ కుట్టేది నైలాన్ దారంతో. ఇవి చూసి "అయ్యో, చేత్తో చేయరా" అని ముఖం ముడుచుకునేవాళ్లని నేను కళ్లారా చూశాను. తెలుగువాళ్లకి ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడో తెలిసి ఉండాలి. పోచంపల్లి చీరకి ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు పోగును మేకుల చుట్టూ తిప్పి చుట్టడానికి, వాళ్లమ్మ లక్ష్మి రోజూ వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, ఆ పనికి యంత్రం తయారుచేశాడు చింతకింది మల్లేశం. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వల్ల పోచంపల్లి చీర పోచంపల్లి చీర కాకుండా పోయిందా? ఎవరి భుజం నొప్పి వాళ్లదైనప్పుడు, యంత్రం పెట్టుకోవాలా వద్దా అని తేల్చాల్సింది వాళ్లు. రెండు గంటలు చూసి వెళ్లిపోయే మనకి అందులో ఓటు లేదు.

తెల్లవారుజామున వాళ్ల ఇళ్లలోకి వెళ్లడం చొరబాటు కాదా అని కూడా అడగవచ్చు. నిజమే, అడగాల్సిన ప్రశ్నే. పిలవకుండా వెళ్తే చొరబాటే. అందుకే గైడుని ముందుగా కొన్ని విషయాలు నిలదీసి అడగాలి. ఏ ఇంటికి తీసుకెళ్తున్నారు, వాళ్లకి చెప్పారా, మనం ఇచ్చే డబ్బులో ఆ ఇంటికి ఎంత వెళ్తుంది, ఆ రోజు ఆ ఇంట్లో నిజంగా పనుందా. వాన పడితే పుల్లలు ఆరబెట్టరు, అప్పుడు ఊరికే వెళ్లి వాకిట్లో నిలబడకూడదు, ఇంకో రోజుకి మార్చుకోవాలి. వాళ్ల కొత్త సంవత్సరం టెట్ పండగకి ముందు నెలంతా వాళ్లకి ఊపిరాడని పని. చూడ్డానికి బాగుంటుంది గానీ ప్రశ్నలతో విసిగించకూడదు. ఈ ప్రశ్నలకి సూటిగా జవాబు చెప్పని వాళ్లని వదిలేయండి, ఎంత తక్కువ ధర చెప్పినా సరే.

ట్రావెల్స్ నడిపే మనవాళ్లకీ ఒక విన్నపం. పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. 2024లో అదే గుర్తింపు వియత్నాంలో హోయ్ ఆన్ పక్కనున్న ట్రా క్వే అనే కూరగాయల ఊరికి వచ్చింది. రెండు చోట్లా జనం వస్తూనే ఉంటారు. ఎన్ని గంటలకి వస్తారు, ఎంతమంది వస్తారు, వచ్చి ఎవరి చేతిలో ఎంత పెడతారు అన్నవి మీ చేతిలో ఉన్న విషయాలు.

తిరుగు ప్రయాణంలో అమ్మ గైడుని అడిగింది, మా నేతవాళ్లకి మూలపురుషుడు భావనారుషి ఉన్నట్టు మీ పనివాళ్లకీ ఎవరైనా ఉన్నారా అని. ఆ అమ్మాయి ఉత్సాహంగా చెప్పుకొచ్చింది. ప్రతి పనికీ దాన్ని మొదట నేర్పిన ఆదిగురువు ఉంటాడట, ఊళ్లో ఆయనకి గుడి ఉంటుందట. ఈ చుట్టుపక్కలే క్వాత్ డోంగ్ అనే ఎంబ్రాయిడరీ ఊరుంది. 17వ శతాబ్దంలో చైనాకి రాయబారిగా వెళ్లి, అక్కడి కుట్టుపని నేర్చుకొచ్చి ఊరివాళ్లకి నేర్పిన లె కోంగ్ హాన్ వాళ్లకి ఆదిగురువు. అమ్మ ఆ పేరుని రెండుమూడుసార్లు పలికి సరిచేయించుకుంది.

హనోయ్ దగ్గరపడుతుండగా ఆ అమ్మాయి అడిగింది, "నేను మీ ఊరు వస్తే ఎన్ని గంటలకి రావాలి?"

"తెల్లవారుజామున నాలుగింటికి" అంది అమ్మ వెంటనే. తర్వాత ఒడిలో ఉన్న టోపీ అంచు మీద వేళ్లు పెట్టి, వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా ఇళ్లు ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ఎవరింట్లో ఇంకా గుంటమగ్గం ఆడుతోందో, ఎవరు అమ్మేశారో, ఎవరి పిల్లలు హైదరాబాద్ వెళ్లిపోయారో. నాలుగో ఇంటి దగ్గర ఆగింది.

"ముందు నాకు ఫోన్ చేసి రామ్మా" అంది. "ఆ రోజు పడుగు ఎవరు చాస్తున్నారో కనుక్కుని చెబుతాను."